మహామారియు మన గడపయు



ఊరిలో అంటువ్యాధి పొడసూపినపుడు ప్రభుత్వమువారు మనల నెంతవఱకు నిర్బంధింపవచ్చును? మన యిష్టమునకు ఎంతవఱకు చోటుండవలెను? ఇది శాసనసభలలోను న్యాయస్థానములలోను వాదింపదగిన ప్రశ్నయే గాని గృహిణులకు పనిలేనిదని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. అట్టి దినములలో అధికారి వచ్చి తట్టునది మన తలుపు. వేఱు గదిలో నుంచిన రోగికి గంజి కాచి యందించునది మన చేయి. బిడ్డకు టీకా వేయింపవలెనా, వలదా యని రాత్రియెల్ల నిద్రలేక యాలోచించునది తల్లి. కావున ఈ మాసము దీనినిగూర్చియే కొంచెము ముచ్చటింప దలచితిమి.

కామారెడ్డి జిల్లాలోని బీబీపేటలో ఒకనాడు మేమొక యింటి అరుగుమీద కూర్చుండి ఆ యింటి ముసలమ్మతో మాటలాడుచుంటిమి. బీబీపేట పూర్వము దోమకొండ మండలములోని గ్రామము. 2016 సంవత్సరమున ప్రత్యేక మండలమైనది. ఆ ప్రాంతమున పెక్కు కుటుంబములలో పురుషులు జీవనమునకై గల్ఫు దేశములకు పోవుదురు. స్త్రీలు ఇంటిపట్టున బీడీలు చుట్టి సంసారమునకు చేదోడుగా నుందురు. ఆ ముసలమ్మ కుమారుడును అట్లే దుబాయిలో పనిచేయుచుండి, 2020 మార్చి మాసములో ఇల్లు చేరెను. కరోనా భయము అప్పుడే దేశమునకు ప్రాకుచుండెను. అతని చేతిమీద ముద్ర వేసిరి. 14 దినములు గడప దాటరాదని చెప్పిరి. తలుపునకొక కాగితము నంటించిరి.

“ఇంట్ల ఉండుమంటె ఉన్నం బిడ్డా, దానికి మాకేం బాధ లేదు. తప్పు చేసినోళ్ల తలుపుకు అంటించినట్టు ఆ కాయితం అంటించిండ్రు. పాలు పోసే పిల్లగాడు సుత మా వాకిట్లకు రాకపాయె” అని ఆమె మాతో జెప్పెను. కుమారునికి ఏ జబ్బును రాలేదు. కాగితమును తీసివేసి ఏండ్లు గడచినవి. ఆమె మనస్సులోని నొప్పి మాత్రము తీఱలేదు.

కొంతసేపటికి ఆమెయే తన చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పెను. “మా అమ్మకు తల్లి పోసినప్పుడు తలుపుకు వేపమండలు కట్టిండ్రు. అప్పుడు గూడ ఎవ్వరు లోపలికి రాలె. కని గడప అవతల్నే గటుక, సల్ల పెట్టి, దండం పెట్టి పోయిండ్రు.”

ఈ రెండు మాటలను మేము పలుమాఱులు తలపోసితిమి. మశూచి యొక సూక్ష్మజీవి వలన గలుగు వ్యాధియనియు, వేపాకు దానిని మాన్పజాలదనియు నేడు మన కెఱుకయే. అయినను ఆ మండ యొక పని చేసినది. లోపల రోగి కలదు, ఎవరును రావలదని అది చాటుచుండెను. కాగితము చాటినదియు సరిగా అదియే. మండ కట్టిన యింటికి గౌరవము తఱుగలేదు, చల్లముంత గడప యొద్దకు వచ్చెను. కాగితము అంటించిన యింటికి పాలు నిలిచిపోయెను. రెండు చోట్లను నిర్బంధమున్నది. ఒకచోట అది ఊరివారి ఆదరముతో గూడి వచ్చినది, మఱియొకచోట అవమానముతో గూడి వచ్చినది.

అవమానముతో వచ్చిన నిర్బంధము ఎట్టి ఫలము నిచ్చునో మన దేశము శతాబ్ది క్రిందటనే చూచినది. 1896 సెప్టెంబరులో బొంబాయి నగరమున ప్లేగు బయలుపడెను. 1897 ఫిబ్రవరి 4వ తేదీన ఆంగ్ల ప్రభుత్వమువారు అంటువ్యాధుల చట్టమును చేసిరి. అందున్నవి నాలుగు సెక్షనులే. వ్యాధిని ఆపుటకు ప్రభుత్వము తనకు తోచిన ఏర్పాటులన్నియు చేయవచ్చుననియు, రైలు ప్రయాణికులను పరీక్షింపవచ్చుననియు, అనుమానము గలవారిని వేఱుగా నుంపవచ్చుననియు, ఆజ్ఞ మీఱినవారికి శిక్ష యుండుననియు, సదుద్దేశముతో పనిచేసిన అధికారిపై వ్యాజ్యము చెల్లదనియు దాని సారము. రోగి హక్కులను గూర్చి అందొక వాక్యమైనను లేకుండెను.

ఆ యేడే పూనా నగరమున ర్యాండు అను అధికారి ఆధ్వర్యమున సైనికులు ఇండ్లు సోదా చేసిరి. వారు దేవునిగదులలోను వంటయిండ్లలోను చొఱబడిరి. పరాయి మగవారు స్త్రీల నిలువబెట్టి పరీక్షించిరి. రోగులను శిబిరములకు తరలించిరి. సామానులను వెలుపలవేసి తగులబెట్టిరి. వ్యాధిని వెదకుటకు వచ్చినవారికి వెఱచి జనులు వ్యాధిని దాచిరి. జ్వరము వచ్చినవానిని అటుకమీద దాచినవారును, చనిపోయినవారిని రహస్యముగా సాగనంపినవారును కలరు. తుదకు 1897 జూను 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండును కాల్చిరి. ఆ హత్యను మేము మెచ్చము. అయినను స్త్రీల మర్యాదకు భంగము కలిగినదన్న క్రోధము ఎంతవఱకు పోవునో దానివలన తెలియుచున్నది.

అదే పూనాలో, అదే యేట, మఱియొక చరిత్ర నడచినది. సావిత్రీబాయి ఫూలే తన కుమారుడగు వైద్యుని చికిత్సాలయమునకు ప్లేగు రోగులను తానే చేర్చుచుండెను. ఆ సేవలో తనకును ప్లేగు సోకి 1897 మార్చి 10వ తేదీన ఆమె పరమపదించెను. తుపాకులు పట్టినవారు ఇల్లు చొచ్చినపుడు మూసికొనిన తలుపులు ఆమెవంటివారు పిలిచినపుడు తెఱచుకొనినవి. కొన్ని యేండ్లకు ప్రభుత్వమువారును బలవంతమును తగ్గించి, నచ్చజెప్పు మార్గమునకు దిగిరి. ప్లేగు మాత్రము దశాబ్దములపాటు దేశమును వదలలేదు. కోటిమందికి పైగా దానికి బలియైరి.

అయినచో ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? అట్లనువారితోను మేము కలియము. అంటువ్యాధి యొకని సొంత వ్యవహారము కాదు. తన పొలములో తానేమి వేసికొనిన తన యిష్టమే. తన చేనికి నిప్పు పెట్టుకొనుట మాత్రము తన యిష్టము కాదు, గాలి వీచిన పొరుగుచేను కాలును. తట్టు వ్యాధిని చూడుడు. ఒక బిడ్డకు వచ్చినచో రక్షణలేని 12 మొదలు 18 మందికి అది సోకగలదు. మన దేశమున దాని టీకా మొదటి మోతాదు 9 నెలలు నిండినపిమ్మట గాని వేయరు. అంతవఱకు ఆ పసికందునకు రక్ష యేది? చుట్టునున్న పెద్దబిడ్డలు టీకా వేసికొనియుండుటయే. నూటికి 95 మందికి రక్షణయున్నపుడే తట్టు ఊరిలో నిలువలేదని వైద్యులు చెప్పుచున్నారు. మా బిడ్డకు వలదని మనమన్నపుడు, నోరులేని పొరుగింటి శిశువు తరపున ఎవరో యొకరు మాటలాడవలెను గదా. ఆ మాట యాడుటకే ప్రభుత్వమునకు అధికార మిచ్చితిమి.

మశూచి రూపుమాసిన కథయు ఇట్టిదే. 1970 తరువాతి యేండ్లలో ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి. రోగి యింటివాకిట కావలి యుంచిరి. చుట్టునున్న వారందఱికిని టీకాలు వేసిరి. కొన్నియెడల బలవంతమును జరిగినది, దానిని దాచుట న్యాయము కాదు. కాని రోగిని చూపినవారికి బహుమానము ప్రకటించిరి. తుదకది 1000 రూపాయలయ్యెను. దాచినవారిని దండించుట కంటె చెప్పినవారిని గౌరవించుట మేలని గ్రహించిన మార్గమది. 1975 మే మాసములో మన దేశపు కడపటి రోగి కనబడెను. 1980 మే 8వ తేదీన లోకమంతట మశూచి నశించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. బీబీపేట ముసలమ్మ తల్లికి వచ్చిన వ్యాధి ఆమె మనుమలకు రాలేదు.

ఇక హద్దు ఎచ్చట గీయవలెను? మా బుద్ధికి తోచినది చెప్పెదము. నలుగురు నడచు వీథి, సంత, పెండ్లిపందిరి, బడి, వీనియందు ప్రభుత్వపు మాట చెల్లవలెను. వ్యాధి యున్న దినములలో గుమికూడవలదన్నను, ప్రయాణము నిలుపుమన్నను, సోకినవారిని కొలది దినములు వేఱుగా నుండుమన్నను అది అన్యాయము కాదు. మన దేహములోనికి మందు ఎక్కించు విషయమున మాత్రము అధికారి చేయి మన చేతిని పట్టరాదు. ఆతని మాట మన మనస్సును పట్టవలెను.

ఈ హద్దును న్యాయస్థానములును గుర్తించినవి. అమెరికాలో మశూచి టీకా వేసికొననన్న జేకబ్‌సన్ అను ఆయన వ్యాజ్యమున, 1905 సంవత్సరమునందు అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వపు అధికారమును సమర్థించెను. అయినను ఆ చట్టము విధించిన శిక్ష 5 డాలర్ల జరిమానా. పట్టుకొని సూది గ్రుచ్చుట కాదు. మన సర్వోన్నత న్యాయస్థానము 2022 మే 2వ తేదీన కరోనా టీకాను గూర్చి తీర్పు చెప్పుచు, తన దేహముపై తనకు గల హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోనిదే యనియు, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు నిర్ణయించెను. ప్రజారోగ్యము కొఱకు ప్రభుత్వము సమంజసమైన నిబంధనలు విధింపవచ్చుననియు, అవి అవసరమునకు తగినంతయే యుండవలెననియు, టీకా వలన గలిగిన కీడుల సమాచారమును ప్రజల కందుబాటులో నుంచవలెననియు ఆ తీర్పులోనే కలదు.

మన ముసలమ్మను బాధించిన కాగితమును గూర్చియు ఒక తీర్పున్నది. 2020 డిసెంబరు 9వ తేదీన ఆ న్యాయస్థానమే, విపత్తుల నిర్వహణ చట్టము క్రింద అధికారముగలవారు ప్రత్యేకముగా ఆజ్ఞ యిచ్చిననే తప్ప, కరోనా రోగుల యింటి తలుపులకు కాగితములు అంటింపరాదని చెప్పెను. ఈ సంగతి చెప్పినపుడు ఆమె నవ్వి, “అప్పటికి మా తలుపు పాతదైపాయె” అనెను.

అనుమతి యను మాట ఎంత విలువైనదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. 2009 సంవత్సరమున ఖమ్మము జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు, సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండ కాపాడు టీకాను ఒక అధ్యయనములో భాగముగా వేసిరి. వారిలో అనేకులు వసతిగృహములలో చదువుకొను గిరిజన బాలికలు. పిమ్మట కొందఱు బాలికలు మరణించుటతో 2010లో ఆ కార్యము నిలిచిపోయెను. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలిన దోషము వేఱు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను అనేక పత్రములపై వసతిగృహపు వార్డెనులు చేసియుండిరి. 2013లో పార్లమెంటు సంఘము దానిని తీవ్రముగా ఖండించెను. మంచి టీకాకే చెడ్డపేరు వచ్చినది. అడుగకుండ చేసిన మేలు మేలుగా నిలువదు. మఱునాడు ఏ సూదిని చూచినను తల్లి సందేహించును.

నిర్బంధమునకు మఱియొక నియమము కలదు. ఇల్లు కదలవలదన్నవారు ఇంటి పొయ్యిని గూర్చి యాలోచింపవలెను. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినపుడు కామారెడ్డి ప్రాంతపు స్త్రీలకు కంపెనీలనుండి ఆకు, తంబాకు రాకపోయెను. బీడీ చుట్టుట ఇంటిలో కూర్చుండి చేయు పనియే యైనను, సరకు వెలుపలినుండి రావలెను గదా. అప్పుడు తెలంగాణ ప్రభుత్వము బియ్యపుకార్డు గల కుటుంబములకు మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలను ఇచ్చెను. అది చాలినదా, చాలలేదా యన్నది వేఱు మాట. నిర్బంధముతోపాటు అన్నము రావలెనను ధర్మమును మాత్రము అది ఒప్పుకొనినది. ఆ దినములలో తెలంగాణమున అనేక గ్రామములవారు తమంతట తామే పొలిమేరలలో కంపలు వేసి దారులు మూసికొనిరి. తమది యనుకొనిన కట్టుబాటును జనులు ఎంత గట్టిగా పాటింతురో దానివలన తెలిసినది. అయితే ఆ కంప వెలుపల నిలిచిన వారిలో ఊరిబిడ్డలును, కాలినడకను స్వస్థలములకు పోవు కూలీలును ఉండిరి. కనుక ఊరి యధికారమునకును హద్దు కావలెను.

ఇప్పుడు మన గడప లోపలి మాట. ప్రభుత్వము మన యిష్టమును మన్నింపవలెనని కోరు మనము, మన యిండ్లలో ఎవరి యిష్టమును మన్నించుచున్నాము? 2021 జూలై 2వ తేదీన గర్భవతులకును కరోనా టీకా వేయుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించెను. వేయించుకొనుట వారి యిష్టమనియు, మేలుకీడులు చెప్పి వేయవలెననియు నిర్దేశించిరి. ఎన్ని యిండ్లలో కోడలిని అడిగిరి? భర్త వలదనిన వలదు. అత్తగారు సరేయనిన సరే. ఆమె కడుపు, ఆమె ప్రాణము, మాట మాత్రము ఇతరులది. వ్యక్తి స్వేచ్ఛ యనగా ఇంటి పెద్ద యొక్క స్వేచ్ఛ యని అర్థము చేసికొన్నచో, ఆ స్వేచ్ఛ కొఱకు మనము వాదించుట వ్యర్థము. కోడలికి జ్వరము వచ్చినపుడు పరీక్ష చేయించుకొనవలెనో లేదో నిర్ణయించునది ఆమెయే. అత్తగారలగు సోదరీమణులు మా మాటకు కోపింపకుందురు గాక.

అట్లే, ఆశా కార్యకర్త యన ఎవరు? మన వీథిలోని కోడలే. తన పిల్లలను ఇంట విడిచి, తక్కువ ప్రతిఫలమునకు, రోగమున్న యిండ్లకు తిరుగునది. 2020లో వైద్యసిబ్బందిపై దాడులు జరిగినందున ఏప్రిలు 22వ తేదీన 1897 నాటి చట్టమును సవరించి, అట్టి దాడులకు 3 నెలలు మొదలు 5 ఏండ్ల వఱకు శిక్ష విధించిరి. శిక్షకు వెఱచి గాక, మన బిడ్డయని తలచి ఆమెకు మంచినీరిచ్చుట మన ధర్మము.

మఱల నొక మహామారి రాదని ఎవరును చెప్పజాలరు. వచ్చినపుడు మనము కలవరపడక, తలుపు తట్టిన అధికారిని మర్యాదగా నాలుగు మాటలు అడుగవలెను. ఈ యాజ్ఞ యెవరిచ్చిరి? ఎన్ని దినములు? ఆ దినములలో మా యింటికి బియ్యము, మందులు, పసిపిల్లలకు పాలు ఎట్లు వచ్చును? మాకు కష్టము కలిగినచో ఎవరితో చెప్పుకొనవలెను? వీనికి సమాధానము చెప్పగలిగిన ప్రభుత్వమునకు మనము లోబడుట మనకు తగును. చెప్పలేని ప్రభుత్వమును మఱల మఱల అడుగుటయు మనకు తగును. మన వంతు పనియు కలదు. జ్వరమును దాచకుందము. విన్న పుకారును ఇరుగుపొరుగులకు మోయకుందము. నిర్బంధములో నున్న యింటి గడప యవతల ఒక గిన్నెడు అన్నము పెట్టి వత్తము.

బీబీపేట ముసలమ్మ చివర జెప్పిన మాటతో ముగించెదము. 2021 వేసవిలో రెండవమాఱు వ్యాధి విజృంభించినపుడు ఆశా కార్యకర్త వచ్చి, వాకిట దూరముగా కూర్చుండి, మొట్టమొదట, “ఏం తిన్నవ్ అవ్వా?” అని యడిగెనట. జ్వరమును గూర్చి తరువాత నడిగెనట. “గట్ల అడిగినంక అబద్ధం ఎట్ల చెప్త బిడ్డా? రాత్రి నుంచి ఒళ్లు ఎచ్చగున్నదని చెప్పిన” అని ముసలమ్మ మాతో ననెను. ఆ దినముననే ఆమె వేఱు గదిలోనికి మాఱెను. ఈసారి తలుపునకు కాగితము లేదు. పొరుగింటి కోడలు ప్రతిదినము ప్రొద్దున గడప యవతల చాయ గ్లాసు పెట్టి పిలిచి పోవుచుండెనట.